నాలుగు నోడ్లు ఇస్తే జాబ్ నెమ్మదించిందేం?

సైన్స్ లెక్కల కోసం పది, ఇరవై కంప్యూటర్లను (ఒక్కోదాన్నీ నోడ్ అంటాం) కలిపి ఒకే యంత్రంలా పనిచేయించే లినక్స్ క్లస్టర్ల మీద ప్రశ్నలు పంపమని అడిగాను. చెన్నైలోని మన తెలుగువాళ్ళ నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. నా ఉద్యోగం కూడా ఇక్కడే, తరమణి వైపు ఒక పరిశోధన సంస్థలో ఇవే యంత్రాలను నడపడం. అందుకని ఈసారి ఈ ఊరి ఉత్తరాలకే జవాబులు.

మేడమ్, మెటీరియల్స్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మా ల్యాబ్‌లో ఎనిమిది నోడ్ల క్లస్టర్ ఉంది. ఒక్కో నోడ్‌కి 32 కోర్లు. క్వాంటమ్ ఎస్ప్రెస్సో (పదార్థాల ఎలక్ట్రాన్ లెక్కలు చేసే ప్రోగ్రామ్) జాబ్ ఒక నోడ్ మీద బాగానే నడుస్తుంది. నాలుగు నోడ్లు ఇస్తే ఇంకా ఆలస్యమవుతోంది. నోడ్లు పాతబడ్డాయి, కొత్తవి కొందామని మా గైడ్ గారు అంటున్నారు. కొంటే బాగుపడుతుందా?
— పరిశోధక విద్యార్థిని, గిండీ

ఇప్పుడే కొననివ్వకండమ్మా. ముందు జాబ్ నడుస్తుండగా ఆ నాలుగు నోడ్లలోకీ ఒక్కొక్కటిగా లాగిన్ అయి ‘టాప్’ (ఏ పనులు నడుస్తున్నాయో చూపే కమాండ్) కొట్టి చూడండి. మొదటి నోడ్‌లో లోడ్ 128 (నాలుగు నోడ్ల కోర్ల మొత్తం) దగ్గర ఉండి, మిగతా మూడూ ఖాళీగా కూర్చున్నాయా? అలా ఉంటే మీ ఎంపీఐకి (ప్రాసెస్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైబ్రరీ) స్లర్మ్ (జాబులకు నోడ్లు పంచే ప్రోగ్రామ్) ఇచ్చిన నోడ్ల జాబితా అందలేదన్నమాట. కొన్ని ఎంపీఐలు అలాంటప్పుడు ఒక్క మాటైనా అనకుండా 128 ప్రాసెస్‌లనూ మొదటి నోడ్ మీదే పడేస్తాయి. ‘ఎంపీఐరన్’ బదులు ‘ఎస్‌రన్’తో నడిపి చూడండి. లేదా స్లర్మ్ సపోర్ట్‌తో ఎంపీఐని మళ్ళీ కంపైల్ చేయమని మీ అడ్మిన్‌ని అడగండి.

నాలుగు నోడ్లలోనూ 32 ప్రాసెస్‌లు కనబడుతున్నా లోడ్ మాత్రం వెయ్యి దాటి ఉంటే అది థ్రెడ్ల (ఒక ప్రాసెస్ లోపలే పక్కపక్కన నడిచే పనుల) గోల. ఓపెన్‌బ్లాస్, ఎంకేఎల్ లాంటి గణిత లైబ్రరీలు ఎవరూ అడ్డు చెప్పకపోతే ఎన్ని కోర్లు కనిపిస్తే అన్ని థ్రెడ్లు తెరుస్తాయి. 32 ప్రాసెస్‌లు, ఒక్కోదానికి 32 థ్రెడ్లు అంటే 1024. వాటన్నిటికీ ఉన్నవి 32 కోర్లే. జాబ్ స్క్రిప్ట్‌లో ఓఎంపీ నమ్ థ్రెడ్స్ విలువ 1 అని ఒక్క లైన్ రాస్తే చాలు. ఈ ఒక్క లైన్ లేక వారాల తరబడి టెన్షన్ పడిన విద్యార్థులను చాలామందిని చూశాను. పైసా ఖర్చు లేని మందు కాబట్టి ముందు ఇదే వేయమంటాను.

ఈ రెండూ సరిగ్గానే ఉంటే అప్పుడు నెట్‌వర్క్ సంగతి చూడాలి. మీ ఉత్తరంలో స్విచ్ ఏదో రాయలేదు. గిగాబిట్ ఈథర్‌నెట్ అయితే సెకనుకు 125 మెగాబైట్లకు మించి పోదు, పైగా ఒక చిన్న సందేశం అవతలి నోడ్‌కి చేరడానికే పదుల మైక్రోసెకన్లు పడుతుంది. ఇన్ఫినీబ్యాండ్‌లో అదే పని ఒకటి, రెండు మైక్రోసెకన్లలో అయిపోతుంది. క్వాంటమ్ ఎస్ప్రెస్సో చేసే ఫోరియర్ లెక్కల్లో ప్రతి ప్రాసెస్ మిగతా ప్రతి ప్రాసెస్‌తోనూ మాట్లాడాలి. ఆ మాటలన్నీ గిగాబిట్ తీగలో ఇరుక్కుంటే కోర్లు చేతులు కట్టుకుని కూర్చుంటాయి. మీ లెక్కలో కె-పాయింట్లు (దాదాపు విడివిడిగా లెక్కించగల బిందువులు) నాలుగో, అంతకన్నా ఎక్కువో ఉంటే ‘ఎన్‌కే 4’ అని ఇవ్వండి. నాలుగు పూల్స్ (ప్రాసెస్‌ల గుంపులు) ఏర్పడతాయి, ఒక్కో పూల్ ఒక్కో నోడ్‌లో సర్దుకుంటుంది. పెద్ద సంభాషణంతా నోడ్ లోపలే జరిగిపోతుంది, తీగ మీదికి వచ్చేది కొంచెమే. గిగాబిట్ మీద కూడా నాలుగు నోడ్లకు తగ్గ ఫలితం వచ్చే దారి ఇదొక్కటే అని నా నమ్మకం.

ఇంకొక్కటి. మీ ‘అవుట్‌డిర్’ (జాబ్ ఫైళ్ళు రాసే ఫోల్డర్) హోమ్‌లో ఉందేమో చూడండి. హోమ్ ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీదుగా నోడ్లన్నీ పంచుకునే డిస్క్) మీద ఉంటుంది. నాలుగు నోడ్లూ ఒకేసారి ఆ ఒక్క డిస్క్ మీద పడి రాస్తుంటే మీ జాబే కాదు, పక్క విద్యార్థి ఫైళ్ళ జాబితా కోసం ‘ఎల్‌ఎస్’ కొట్టినా కదలదు. స్క్రాచ్ (తాత్కాలిక ఫైళ్ళ డిస్క్) విడిగా ఉంటే అక్కడికి మార్చండి.

అన్నీ అయ్యాక 1, 2, 4, 8 నోడ్ల మీద అదే లెక్క నడిపి, పట్టిన సమయాలు కాగితం మీద వేసి మీ గైడ్ గారి ముందు పెట్టండి. ప్రోగ్రామ్‌లో నూటికి ఐదు పాళ్ళు వరస పని ఉంటే ఎన్ని వేల కోర్లిచ్చినా వేగం 20 రెట్లు దాటదని జీన్ ఆమ్‌డాల్ 1967లోనే లెక్క చెప్పారు. ఆ కాగితం చూశాక కూడా సారు కొత్త నోడ్లే అంటే, నోడ్ల సంఖ్య తగ్గించి ఆ డబ్బులోంచి మంచి స్విచ్ కొనమని అడగండి.

మా కాలేజీ ల్యాబ్‌లో పాత పీసీలు పది తీసేస్తున్నారు. వాటితో పిల్లలకు క్లస్టర్ కట్టి చూపించవచ్చా? ప్రిన్సిపాల్ గారు ‘పనికొచ్చేదేనా’ అంటున్నారు.
— ఇంజనీరింగ్ కాలేజీ అధ్యాపకుడు, తాంబరం

తప్పకుండా కట్టండి మాస్టారూ. మొదటి బియోవుల్ఫ్ క్లస్టర్ పుట్టింది అలాంటి మామూలు యంత్రాలతోనే. 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 ఇంటెల్ 486 కంప్యూటర్లను 10 మెగాబిట్ ఈథర్‌నెట్‌తో కలిపి, లినక్స్ వేసి నడిపారు. మన ఊరి సంగతి కూడా ప్రిన్సిపాల్ గారికి చెప్పండి. తరమణిలోని గణిత విజ్ఞాన సంస్థలో 2004లో కబ్రూ అనే క్లస్టర్ కట్టారు. బజారులో దొరికే జియాన్ ప్రాసెసర్లు, 144 నోడ్లు, దాని మీద లాటిస్ గేజ్ థియరీ (కణ భౌతికశాస్త్రం) లెక్కలు. ప్రపంచ సూపర్‌కంప్యూటర్ల టాప్ 500 జాబితాలో దానికి చోటు దక్కింది.

ఒక పీసీకి రెండో నెట్‌వర్క్ కార్డ్ వేసి దాన్ని హెడ్ నోడ్ (అందరూ లాగిన్ అయ్యే, మిగతావాటికి పని పంచే యంత్రం) చేయండి. కార్డులు, కేబుళ్ళు, గిగాబిట్ స్విచ్ అన్నీ రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. రాకీ లినక్స్‌గానీ డెబియన్‌గానీ వేయండి. ల్యాబ్‌లో సెంటాస్ 7 సీడీలు మిగిలి ఉంటే వాటి జోలికి పోవద్దు, దానికి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి. యూజర్ ఐడీ నంబర్లు అన్ని నోడ్లలో ఒకటే ఉండేలా చూడండి, లేకపోతే ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఒకరి ఫైలు ఇంకొకరిదిగా కనబడుతుంది. పిల్లలు స్లర్మ్, ఎంపీఐ చేత్తో ఇన్‌స్టాల్ చేయాలి. స్క్రిప్ట్ రాసిచ్చి బటన్ నొక్కమనకండి. ఒక నోడ్ కేబుల్ మీరే పీకి, ఏమైందో కనిపెట్టమనండి. అసలు చదువు అక్కడ ఉంది.

పరిశోధన లెక్కలకు మాత్రం వీటిని నమ్ముకోవద్దు. పాత పీసీలు పదీ కలిసి తాగే కరెంటుకు ఒక్క కొత్త సర్వర్ ఎక్కువ పని చేసి పెడుతుంది, ఈసీసీ (చిన్న తప్పులు తానే దిద్దుకునే) మెమరీ కూడా ఉంటుంది.

మే నెల వచ్చిందంటే మధ్యాహ్నం రెండింటికల్లా మా నోడ్లు వాటంతట అవే ఆగిపోతున్నాయి. 12 నోడ్లు, రెండు టన్నుల స్ప్లిట్ ఏసీ ఒకటి ఉంది. సరిపోదా?
— ల్యాబ్ మేనేజర్, పెరుంగుడి

సరిపోదండీ. నోడ్ తాగిన ప్రతి వాటూ వేడిగానే బయటికొస్తుంది. ఫుల్ లోడ్‌లో నోడ్‌కి 500 వాట్ల చొప్పున 12 నోడ్లకు 6 కిలోవాట్లు. స్విచ్, స్టోరేజ్, యూపీఎస్ కలిపితే 7 అనుకోండి. ఒక టన్ను ఏసీ తీసేది మూడున్నర కిలోవాట్లు. అంటే మీ రెండు టన్నులూ కాగితం మీద యంత్రాలకే అయిపోయాయి. కత్తిరి ఎండకు కాలే పడమటి గోడ, పైకప్పు, తలుపు తీసిన ప్రతిసారీ లోపలికి దూరే ఉక్క, వీటికి మిగిలిందేమీ లేదు. పైగా ఆ ఎండలో అవుట్‌డోర్ యూనిట్ చెప్పినంత చల్లదనం ఇవ్వలేదు. మూడు టన్నులు నడుస్తూ ఉండాలి, ఇంకో మూడు టన్నులు తోడు ఉండాలి. రెంటినీ టైమర్ మీద మార్చి మార్చి నడపండి. ఇళ్ళకు చేసిన ఏసీ 24 గంటలూ ఆగకుండా తిరగడానికి కాదు.

థర్మామీటర్ గోడకు తగిలించి చూస్తే లాభం లేదు. నోడ్ ముందు భాగంలో, గాలి లోపలికి పోయేచోట పెట్టండి. అక్కడ 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. ర్యాక్‌లో ఖాళీగా ఉన్న స్లాట్లకు బ్లాంకింగ్ ప్లేట్లు బిగించండి, లేకపోతే వెనక వేడి గాలి ఆ సందుల్లోంచి మళ్ళీ ముందుకే వస్తుంది. ఇండోర్ యూనిట్ మాత్రం ర్యాక్ నెత్తిన ఉండకూడదు. చెన్నై గాలిలో తేమకు డ్రెయిన్ పైపులో నాచు పట్టి, నీళ్ళు ట్రే దాటి, బొట్టుబొట్టుగా పవర్ సప్లైల మీద పడతాయి. ఈ ఊళ్ళో వేడి కంటే ఆ నీళ్ళకే నాకు ఎక్కువ భయం.

గది 32 డిగ్రీలు దాటితే కొత్త జాబులు ఆగి, 35 దాటితే నోడ్లు పద్ధతిగా షట్‌డౌన్ అయ్యేలా చిన్న స్క్రిప్ట్ పెట్టండి. ముందు కంప్యూట్ నోడ్లు, తర్వాత స్టోరేజ్, చివర హెడ్ నోడ్. యూపీఎస్ చిన్నదైతే దాన్ని స్టోరేజ్‌కీ హెడ్ నోడ్‌కీ ఇవ్వండి. కంప్యూట్ నోడ్ ఆగితే పోయేది ఒక జాబ్, స్టోరేజ్ ఆగితే పోయేది అందరి పని. ఈ జాగ్రత్తలు వర్దా లాంటి తుపాను రోజుల్లోనూ అక్కరకొస్తాయి. 2015 డిసెంబరు వరదలు చూసినవాళ్ళెవరూ సర్వర్ గదిని కింది అంతస్తులో పెట్టరని ఆశిస్తాను.

ఒక నోడ్ మాటిమాటికీ ‘డ్రెయిన్’ (కొత్త జాబులు తీసుకోని స్థితి) అంటోంది. రిజ్యూమ్ కొడితే మళ్ళీ పనిచేస్తుంది. అలా వదిలేయవచ్చా?
— అడయారు

వదిలేయవద్దు. ‘ఎస్‌ఇన్ఫో హైఫన్ క్యాపిటల్ ఆర్’ కొడితే కారణం చెబుతుంది. ‘లో రియల్‌మెమరీ’ అని ఉంటే ఒక మెమరీ స్టిక్ కనబడకుండా పోయిందన్నమాట. తీసి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించండి. అయినా రాకపోతే మార్చాల్సిందే. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఒకే నోడ్ విడిపోతోందంటే బోర్డు మీది గడియారం బ్యాటరీ చూడండి. గడియారం ఐదు నిమిషాలకు మించి తేడా వస్తే మంజ్ (నోడ్ల మధ్య గుర్తింపు సరిచూసే ప్రోగ్రామ్) ఆ నోడ్ మాట నమ్మదు.

మా అమ్మాయి ఎంఎస్సీ ఫిజిక్స్. ఒక సంస్థలో క్లస్టర్ అడ్మిన్‌గా తీసుకుంటామన్నారు, ఏడాది కాంట్రాక్ట్. ఐటీ కంపెనీ ఆఫర్ కూడా ఉంది. బంధువులు నవ్వుతున్నారు. ఏం చెప్పాలి?
— ఒక తండ్రి, వేళచ్చేరి

అమ్మాయికి ఆ పని ఇష్టమైతే చేరనివ్వండి. ఫిజిక్స్ తెలిసి, లినక్స్ లోపలిదాకా తెలిసిన మనిషి ఈ దేశంలో ఎక్కడికి వెళ్ళినా కావలసిన మనిషే. 2017 నవంబరు నుంచి టాప్ 500 జాబితాలోని యంత్రాలన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. 2015లో 4500 కోట్లతో నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ మొదలయ్యాక ఐఐటీల్లో, బెంగళూరు ఐఐఎస్సీలో పరమ్ యంత్రాలు వచ్చాయి. వాటన్నిటినీ ఎవరో ఒకరు రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండాలి కదండీ.

నా బాధల్లా ఆ ఏడాది కాంట్రాక్ట్ గురించే. యంత్రానికి కోట్లు మంజూరు చేసే కమిటీలు దాన్ని నడిపే మనిషికి పోస్ట్ ఇవ్వమంటే మొహం తిప్పుకుంటాయి. నాకు తెలిసిన ఒకచోట అడ్మిన్ కాంట్రాక్ట్ పొడిగించలేదు. ఆయన వెళ్ళిన కొన్నాళ్ళకు డిస్క్ అరేలో ఒక డిస్క్ పోయింది, దాని ఎర్ర లైటు ఎవరూ చూడలేదు. తర్వాత ఇంకోటి పోయింది. రెయిడ్ 5 (ఒక్క డిస్క్ పోతే తట్టుకునే అమరిక) కాబట్టి రెండోదానితో విద్యార్థుల ఫలితాలన్నీ పోయాయి. ఒక్క మనిషి జీతం మిగిల్చి వాళ్ళు పోగొట్టుకున్నది అది. దీన్ని నేను చిన్న విషయంగా తీసుకోలేను.

అందుకని సంతకం పెట్టేముందు అమ్మాయిని కొన్ని అడగమనండి. కాంట్రాక్ట్ ఎన్నేళ్ళ దాకా పొడిగించే వీలుంది? యంత్రం మొత్తం తనొక్కతే చూడాలా, తోడు ఎవరైనా ఉన్నారా? అర్ధరాత్రి పిలుపు వస్తే మర్నాడు సెలవుందా? బ్యాకప్ ఎక్కడుంది? ట్రైనింగ్‌కి పంపిస్తారా? పేపర్లు అచ్చయినప్పుడు అడ్మిన్‌కి కృతజ్ఞతలు రాసే అలవాటు ఆ ల్యాబ్‌లో ఉందా? జవాబులు నోటిమాటగా కాకుండా ఈమెయిల్‌లో తీసుకోమనండి. ఐటీ కంపెనీ వాళ్ళను జాయినింగ్ తేదీ రెండు వారాలు వెనక్కి జరపమని అడగడంలో తప్పేమీ లేదు. ఆలోగా ఈ జవాబులు వచ్చేస్తాయి.