ఇంటి పన్ను ఏటా పెరుగుతోందేం?

ప్రశ్న: మాది భీమవరం. ఇంటికి కొత్తగా ఒక్క ఇటుకా పేర్చలేదు. పన్ను మాత్రం ఏటా పెరుగుతోంది. ఎందుకు?

జవాబు: 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ లెక్క పోయి, స్థలం, కట్టడాల మూలధన విలువ (అంటే ఆస్తి ధర) లెక్క వచ్చింది. తేలిన పన్ను ఒకేసారి వేయకుండా ఏడాదికి 15 శాతం మించకుండా పెంచుతారు. వినడానికి తక్కువే, 2000 రూపాయల పన్ను ఐదు పెంపులకు 4000 దాటుతుంది.

15 శాతం దాటితే మాత్రం అనుమానించండి. కింది వాటాను షాపుగా రాశారా? పెంకుటిల్లును శ్లాబుగా చూపారా? టేపు పట్టి మీరే కొలవండి. ప్లాను, పాత రసీదు జతచేసి నోటీసు గడువులోగా మున్సిపల్ కమిషనర్‌కు రివిజన్ పిటిషన్ (పన్ను మళ్లీ లెక్కించమనే అర్జీ) ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. నోటిమాటకు ఫైలు కదలదు. కొత్త అంతస్తు వేసినా, వాడకం మారినా ఆ 15 శాతం హద్దు వర్తించదు.