కెనడా వెళ్తున్న అబ్బాయికి: గంజాయి, చట్టం, సరిహద్దు

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవడం ఇష్టం లేక ఉత్తరం రాస్తానన్నాను. టొరంటోలో గంజాయి దుకాణాలు నడిబజారులోనే ఉంటాయి కదా, వయసు నిండినవాళ్ళెవరైనా కార్డు చూపించి కొనుక్కోవచ్చు కదా, మరి ఆ పేరెత్తితే ఇంట్లో అందరూ ఇంత భయపడడం దేనికని అడిగావు. అడగవలసిన ప్రశ్నే అడిగావు. గుంటూరు, విజయవాడ కోర్టుల్లో మత్తుపదార్థాల కేసులు వాదించినవాణ్ణి కనుక ఇక్కడి చట్టం నాకు తెలుసు. నువ్వు వెళ్ళే దేశపు చట్టాన్ని నీకోసం శ్రద్ధగా చదివాను. రెండూ కలిపి చెబుతున్నాను.

ముందుగా నా మాట: దాని జోలికి పోవద్దు. చదువు ఒత్తిడి, ఒంటరితనం, నెలల తరబడి చలి కలిసిన చోట సరదా అలవాటుగా మారడానికి ఎంతో కాలం పట్టదు. నీ వయసులో తరచుగా వాడితే జ్ఞాపకశక్తికి, మానసిక ఆరోగ్యానికి ముప్పని, దాన్ని చట్టబద్ధం చేసిన కెనడా ప్రభుత్వమే హెచ్చరిస్తోంది. అయితే ముట్టుకోనని నువ్వు మాటిచ్చినంత మాత్రాన నా పని తీరదు. నలుగురితో కలిసి గది తీసుకుంటావు, వాళ్ళ సూట్‌కేసు అడిగి తీసుకుంటావు, వాళ్ళ కారులో కూర్చుంటావు. వాడనివాడు కూడా తెలుసుకుని ఉండవలసిన సంగతులు ఇవి.

కెనడా గంజాయి చట్టం 2018 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. వయసు నిండిన మనిషి ఇల్లు దాటి బయటికి వెళ్ళినప్పుడు 30 గ్రాముల ఎండు గంజాయి వరకు దగ్గర ఉంచుకోవచ్చు. ఆ వయసు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో విధంగా ఉంది: ఆల్బెర్టాలో 18, నువ్వుండబోయే ఒంటారియోలో 19, క్యూబెక్‌లో 21. అమ్మకం పద్ధతి కూడా అంతే. క్యూబెక్‌లో ప్రభుత్వ సంస్థ ఒక్కటే అమ్ముతుంది. ఒంటారియోలో లైసెన్సు పొందిన ప్రైవేటు దుకాణాలకు తోడు ప్రభుత్వ ఆన్‌లైన్ దుకాణం ఉంది. మన ఊళ్ళో వైన్ షాపుకు గుడికీ బడికీ మధ్య దూరం లెక్క ఉన్నట్టే, అక్కడ గంజాయి దుకాణం బడికి 150 మీటర్ల లోపు ఉండకూడదు. మా ఊళ్ళో దుకాణాలు వద్దని తీర్మానించుకునే హక్కు ఒంటారియో పట్టణాల పాలకమండళ్ళకు 2019 జనవరి 22 వరకు ఇచ్చారు. మిస్సిసాగా అప్పుడు వద్దని చెప్పి 2023లో ఒప్పుకుంది. దాని పక్కనే ఉన్న బ్రాంప్టన్ మొదట్లోనే సరేనంది. అంటే దేశం అంతటికీ చట్టం ఒకటే అయినా, వీధిలో దుకాణం తెరవాలా వద్దా అన్నది అక్కడి ఊరే తేల్చుకుంది.

ఈ ఏర్పాటును నేను తప్పుపట్టను. దొంగచాటు బేరాన్ని వెలుగులోకి తెచ్చి, వయసు చూసి, తూకం చూసి, సరుకు పరీక్ష చేయించి అమ్మించాలన్న ఆలోచనలో తర్కం ఉంది. ఇక్కడ విశాఖ ఏజెన్సీ నుంచి వచ్చే రైళ్ళలో, బస్సుల్లో పట్టుబడి బోనులో నిలబడినవాళ్ళు ఎక్కువగా కొద్దిపాటి కూలి కోసం సంచి మోసిన పేద కుర్రాళ్ళే. ఖాకీ రంగు టేపు చుట్టిన పొట్లాలు కోర్టు బల్ల మీద ఉండేవి, సరుకు అసలు సొంతదారు మాత్రం ముద్దాయిల జాబితాలో ఉండేవాడు కాదు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. కాని నా అభిప్రాయం ఏదైనా విమానాశ్రయంలో నీకు అక్కరకు రాదు, అక్కడ చట్టం ఒక్కటే లెక్కలోకి వస్తుంది.

బజారులో బోర్డు కనబడినంత మాత్రాన అది లైసెన్సు దుకాణం అనుకోవద్దు. ఒంటారియోలో అనుమతి ఉన్న దుకాణం ప్రభుత్వం గుర్తించినట్టు తెలిపే ముద్రను బయటికి కనబడేలా పెట్టాలి. అనుమతి లేని చోట కొన్న సరుకు దగ్గర ఉంచుకోవడం 30 గ్రాముల లోపైనా నేరమే. సరుకును గుర్తుపట్టడం కూడా నేర్చుకో. అక్కడ చట్టప్రకారం అమ్మే పొట్లం మీద ఎర్రని ఎనిమిది మూలల గుర్తు, అందులో ఆకు బొమ్మ, టీహెచ్‌సీ (గంజాయిలో మత్తు కలిగించే పదార్థం) అనే అక్షరాలు, పక్కన పసుపు రంగు గడిలో హెచ్చరిక, పన్ను కట్టినట్టు అంటించిన స్టాంపు ఉంటాయి. జెల్లీ బిళ్ళలు, చాక్లెట్లు, బిస్కెట్ల రూపంలో కూడా అమ్ముతారు కనుక, పార్టీలో ఎవరైనా తినుబండారం చేతిలో పెడితే పొట్లం చూపించమని అడగడానికి మొహమాటపడకు. తిన్నది ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదనుకుని మళ్ళీ తిని ఆసుపత్రి పాలవుతుంటారు.

ఇక సరిహద్దు సంగతి. నా భయమంతా ఇక్కడే ఉంది. డిసెంబరు సెలవుల్లో న్యూజెర్సీలో ఉన్న మీ అక్క దగ్గరికి వెళ్తానన్నావు, దారిలో నయాగరా చూస్తానన్నావు. అక్కడ రెయిన్‌బో వంతెనకు ఇవతల ఒంటారియోలో గంజాయి చట్టబద్ధం, అవతల న్యూయార్క్ రాష్ట్రంలోనూ చట్టబద్ధం. అయినా ఒక్క గ్రాము కూడా ఆ వంతెన దాటించకూడదు. దేశంలోకి గాని, దేశం నుంచి బయటికి గాని ఏ రూపంలోనూ తీసుకెళ్ళకూడదని కెనడా చట్టమే అంటోంది. డాక్టరు చీటీ ఉన్నా, గంజాయి మొక్క నుంచే తీసి, మత్తు లేదని చెప్పే సీబీడీ నూనె అయినా ఇదే నిబంధన. అవతలి ఒడ్డున, రాష్ట్రం ఏం చెప్పినా, సరిహద్దు కాసేది అమెరికా కేంద్ర ప్రభుత్వం. 1970 నాటి కేంద్ర చట్టం కింద అది నియంత్రిత మత్తుపదార్థమే. పైగా టొరంటో విమానాశ్రయం నుంచి అమెరికా వెళ్ళేవాళ్ళను అమెరికా అధికారులు టొరంటోలోనే తనిఖీ చేస్తారు. నువ్వింకా కెనడా నేల మీదే నిలబడి ఉన్నా, నిన్ను రానివ్వాలో వద్దో అమెరికా చట్టమే తేలుస్తుంది.

ఆ చట్టంలో, సొంత పౌరులు కానివాళ్ళ విషయంలో మరో మెలిక ఉంది. శిక్ష పడకపోయినా, మత్తుపదార్థాల చట్టాన్ని ఉల్లంఘించినట్టు అధికారి ముందు నువ్వే ఒప్పుకుంటే, అదొక్కటే ప్రవేశం నిరాకరించడానికి కారణం కావచ్చు. అలాగని అబద్ధమాడితే, వీసా కోసం మోసం చేశాడన్న ముద్ర జీవితాంతం వెంటాడుతుంది. వీసా దరఖాస్తులో కూడా ఈ ప్రశ్న సూటిగానే అడుగుతారు. నిజం చెప్పినా నష్టం, అబద్ధం చెప్పినా నష్టం అనే ఆ స్థితిలోకి అసలు వెళ్ళకుండా ఉండడం ఒక్కటే నీ చేతిలో ఉన్నది. ఫోను కూడా చూస్తారు. స్నేహితులతో దిగిన ఫోటోలో ఎవరి చేతిలో ఏముందో గమనించుకో. మీ అక్కా బావలకు కూడా ఈ మాట చేరవెయ్యి. రాష్ట్ర చట్టం అనుమతించిన గంజాయి వ్యవహారమైనా పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తనకు అడ్డు కావచ్చని అమెరికా పౌరసత్వ శాఖ 2019 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. గ్రీన్‌కార్డు ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

ఇంటికి వచ్చేటప్పుడు దారిలో గల్ఫ్ దేశాల్లో విమానం మారతావు. అక్కడి చట్టాలు చాలా కఠినం, కొంచెం సరుకు దొరికినా కేసే. సింగపూరు మీదుగా వచ్చేవాళ్ళ సంగతి ఇంకా తీవ్రం: 500 గ్రాములకు మించి గంజాయి రవాణా చేసినట్టు రుజువైతే మరణశిక్ష విధించే చట్టం అక్కడుంది. నొప్పులకూ దగ్గుకూ మనం మామూలుగా వాడే మందుల్లో కూడా కొన్ని గల్ఫ్‌లో నిషేధిత జాబితాలో ఉంటాయి. అమ్మ ఇచ్చే మందులకు డాక్టరు చీటీ జతచేసి పెట్టుకో.

మన దేశంలో మత్తుపదార్థాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. గంజాయి కిలో వరకు ఉంటే చిన్న మొత్తం, ఏడాది వరకు జైలు లేదా పదివేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. 20 కిలోలు దాటితే పది నుంచి ఇరవై ఏళ్ళు. గంజాయి మొక్క జిగురుతో చేసే చరస్‌కు చిన్న మొత్తం 100 గ్రాములు మాత్రమే. మిఠాయిలో కలిపి తెచ్చినా కలిసిన పదార్థంతో సహా మొత్తం బరువునే లెక్కించాలని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. విదేశంలో ఉన్న భారత పౌరులకూ ఈ చట్టం వర్తిస్తుందని మొదటి సెక్షన్లోనే ఉంది. అన్నిటికంటే ముఖ్యం: సరుకు నీ దగ్గర దొరికితే, అది నీదేనని, నీకు తెలిసే ఉందని చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవలసిన భారం నీ మీద పడుతుంది. ఎవరో ఇచ్చిన పార్శిల్ అని చెప్పిన కుర్రాళ్ళను నేను చూశాను, ఆ మాటను నిలబెట్టే సాక్ష్యం వాళ్ళ దగ్గర ఉండేది కాదు.

అందుకని పెట్టె నువ్వే సర్దుకో. గదిలో ఉండేవాడి సూట్‌కేసు తీసుకుంటే పక్క జేబులు, లోపలి జిప్పులు, అడుగు బట్ట కింద కూడా చెయ్యి పెట్టి చూడు. చలికోటు జేబులు ఖాళీ చెయ్యి. ఇటు నుంచి ఆవకాయ, కారప్పొళ్ళు ఎవరిచ్చినా నీ కళ్ళముందు సీసాలకెత్తించు. అటు నుంచి "మా అమ్మకు ఇచ్చెయ్యరా" అని ఎవరైనా పొట్లం ఇస్తే విప్పి చూపించమను, విప్పనంటే తీసుకోకు. దగ్గరివాళ్ళకు కోపం వస్తే రానీ, వాళ్ళతో నేను మాట్లాడుకుంటాను.

కారు విషయం ఒక్కటుంది. ఒంటారియోలో కొత్త లైసెన్సు వాళ్ళ ఒంట్లో గంజాయి ఏమాత్రం కనబడకూడదు. 2018 డిసెంబరు 18 నుంచి మత్తులో వాహనం నడిపే నేరానికి గరిష్ఠ శిక్ష పదేళ్ళకు పెంచారు. దాంతో వలస చట్టం దృష్టిలో అది తీవ్రమైన నేరమైంది, చదువుతోపాటు దేశంలో ఉండే హక్కు కూడా పోవచ్చు. స్నేహితుడు తాగి ఉంటే నువ్వు టాక్సీలో రా, డబ్బు నేను పంపుతాను. గంజాయి దుకాణంలో పార్ట్‌టైమ్ ఉద్యోగం అక్కడ చట్టప్రకారం చెయ్యవచ్చు, కాని అమెరికా ప్రయాణం మనసులో ఉన్నవాడికి అది నేను సలహా ఇవ్వను.

ఒకవేళ ఎక్కడైనా ఆపితే వాదన పెట్టుకోకు, పరుగెత్తకు, అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకు. కెనడాలో లాయరుతో మాట్లాడతానని అడిగే హక్కు నీకుంది. ఏ దేశంలోనైనా నిర్బంధిస్తే భారత దౌత్య కార్యాలయానికి తెలియజేయమని అడగవచ్చు. టొరంటోలో మన కాన్సులేట్ ఉంది, దాని నంబరు ఫోనులోనే కాక పర్సులో కాగితం మీద కూడా రాసి పెట్టుకో. మన దేశంలో ఒంటిని తనిఖీ చేసే ముందు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ముందు చేయమని అడిగే హక్కు ఎన్‌డీపీఎస్ చట్టం 50వ సెక్షను ఇస్తోంది, అడగడానికి భయపడకు. ఆ తర్వాత వేళకాని వేళ అయినా సరే నాకు ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న