ఉష్ట్రపక్షా, ఉష్ణపక్షా?

సందేహం: మా పాప మూడో తరగతి. ఆస్ట్రిచ్ బొమ్మ గీసి కింద 'ఉష్ణపక్షి' అని రాసింది. ఎడారి వేడిలో తిరిగేది కాబట్టి అదే కరెక్టంటోంది. 'నిప్పుకోడి' అని కూడా అంటారు కదా, ఏది రాయించమంటారు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: పాప వాదన ముచ్చటగానే ఉంది గానీ మాట తప్పు. అది ఉష్ట్రపక్షి. సంస్కృతంలో ఉష్ట్రమంటే ఒంటె. ఆ పొడుగు మెడ, పొడుగు కాళ్లు చూసి ఒంటెతో పోల్చారు. మనవాళ్లే కాదు, పారశీకులూ అంతే: శుతుర్ అంటే ఒంటె, ముర్గ్ అంటే పక్షి. హిందీ 'శుతుర్‌ముర్గ్' అక్కడి నుంచి వచ్చిందే. 1758లో లిన్నేయస్ పెట్టిన 'స్ట్రుథియో కామెలస్' అనే శాస్త్రీయ నామంలోనూ ఒంటె ఉంది.

చిక్కంతా 'ష్ట్ర' దగ్గరే. ష కింద ట వత్తు, దానికి క్రావడి. 'రాష్ట్రం' రాసే చెయ్యి 'ఉష్ట్రం' కూడా రాస్తుంది. రెండూ పక్కపక్కన నాలుగుసార్లు రాయించండి. ఆ వత్తుల చోట ణ వత్తు పడిందా, ఒంటె పోయి వేడి పుడుతుంది!

నిప్పుకోడి కూడా సరైన మాటే. నిప్పుకణికలు మింగినా దానికి అరుగుతాయని పూర్వం నమ్మేవారు. తమిళులూ 'నెరుప్పుక్కోళి' అంటారు. నిజానికి అది మింగేది రాళ్లు. పళ్లు లేవు కాబట్టి మేత కందనకాయలో ఆ రాళ్ల మధ్య నలుగుతుంది. మూడో తరగతికి నేనైతే ఈ మాటే రాయిస్తాను. నోరు తిరుగుతుంది, చెయ్యీ తిరుగుతుంది. అడవికోడి, నీటికోడిలాగా కలిపి ఒకే మాటగా రాయాలి. బహువచనం నిప్పుకోళ్లు. కోడే కాబట్టి పుంజు, పెట్ట అనడానికీ అభ్యంతరం లేదు. రంగులు వేసేటప్పుడు ఆ తేడా చూపించండి: పుంజు ఒళ్లు నలుపు, రెక్కల అంచులూ తోకా తెలుపు, పెట్టది మట్టిరంగు.

బొమ్మలో భాగాల పేర్లు రాయించేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. కాలి మధ్యలో వెనక్కి వంగినట్టు కనిపించే కీలుకు బాణం గీసి 'మోకాలు' అని రాస్తారు. అది చీలమండ. అసలు మోకాలు పైన, ఈకల చాటున ఉంటుంది. ఇక కాలికి వేళ్లు రెండే. లోపలి వేలు పెద్దది, గట్టి గోరు దానికే గీయాలి. మూడు వేళ్లు గీస్తే అది ఈము అవుతుంది. అప్పుడు కింద ఉష్ట్రపక్షి అన్నా, నిప్పుకోడి అన్నా తప్పే.