పాత కోడును తరలించబోతున్న మేనకోడలికి

చిట్టితల్లికి,

అత్తయ్య దీవెనలు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. మీ ఆఫీసు కోడు మొత్తాన్ని, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచిపెట్టే పాత వ్యవస్థ సబ్‌వెర్షన్ నుంచి, అదే పని చేసే కొత్త వ్యవస్థ గిట్‌కు మార్చే పని నీకు అప్పగించారట. చెబుతున్నప్పుడు వాడి గొంతులో గర్వం దాగలేదు, నా కళ్ళు కూడా చెమర్చాయి. ఆ వెంటనే ఇంకో మాట అన్నాడు. సంక్రాంతి సెలవుల్లో ఆఫీసు ఖాళీగా ఉంటుంది కాబట్టి ఒక్కదానివే కూర్చుని ముగించేస్తానన్నావట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

నీకు తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. తరలించే రోజున పాత సర్వర్‌లోకి కొత్త కమిట్లు, అంటే కొత్తగా నమోదు చేసే మార్పులు, రాకుండా ఆపు. ఖాళీ ఫోల్డర్లను గిట్ దాచుకోదు, వాటి సంగతి చూసుకో. మార్చాక ప్రధాన శాఖ ట్రంక్ ఒక్కటే కాదు, విడుదలలకు గుర్తుగా పెట్టిన ప్రతి ట్యాగునూ రెండు వైపులా పోల్చి చూడు. పాత కమిట్లలో ఎవరైనా పాస్‌వర్డు వదిలి ఉంటే దాన్ని చరిత్రలోంచి తుడిస్తే చాలదు, ఆ పాస్‌వర్డునే మార్చాలి.

ఇక నేను చేసిన తప్పు.

2008లో మా బృందం అంతకన్నా పాత వ్యవస్థ సీవీఎస్ నుంచి సబ్‌వెర్షన్‌కు మారింది. పింఛన్ల లెక్కలు కట్టే ప్రోగ్రాము అది. పాత చరిత్రను కూడా మోసుకొచ్చే ఉపకరణం అప్పటికే ఉంది. కానీ సరిగ్గా చేయాలంటే వారం పడుతుంది, పై అధికారి సోమవారానికి కావాలన్నారు. నేను ఆ రోజున్న ఫైళ్ళను మాత్రం తీసుకుని ఒక్క దెబ్బతో కొత్త సర్వర్‌లోకి ఎక్కించాను. చరిత్ర పాత సర్వర్‌లో ఉంటుంది కదా, కావలసినప్పుడు చూసుకుందామనుకున్నాను. రెండేళ్ళకు ఆఫీసు భవనం మారినప్పుడు ఆ సర్వర్‌ను పాత ఇనుము కింద అమ్మేశారు. ఎవరూ నన్ను అడగలేదు. అడగాలని వాళ్ళకు ఎలా తెలుస్తుంది? ఆ పెట్టెలో ఏముందో దాని మీద ఒక చీటీ అయినా నేను అంటించలేదు.

ఆ తర్వాత కొత్తగా చేరిన కుర్రాడొకడు నాకు ఒక మార్పు పంపాడు. పదవీ విరమణ తేదీ లెక్కలో, పుట్టినరోజు ఒకటో తారీఖు అయితే ఒక రోజు తగ్గించే వరుస ఉంది. ‘ఇది పొరపాటున మిగిలిపోయినట్టుంది, తీసేస్తున్నాను’ అని రాశాడు. ఎవరు రాశారో చూద్దామని, ఏ వరుస ఎవరిదో చూపించే బ్లేమ్ తెరిచాను. నా పేరే ఉంది. ఆ వరుస పక్కనే కాదు, ఫైల్లో ప్రతి వరుస పక్కనా నా పేరే, ప్రతిదానికీ రివిజన్ 1, అంటే నేను ఒక్క దెబ్బతో ఎక్కించిన ఆ మొదటి కమిటే. నిజంగా రాసిన మనిషి ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. చూడడానికి పొరపాటులాగే ఉంది. ఆ వరుస తీసేయడానికి ఒప్పుకున్నాను.

అది పొరపాటు కాదు తల్లీ. ప్రభుత్వోద్యోగి పుట్టిన నెల చివరి రోజున పదవీ విరమణ చేస్తాడు. కానీ ఒకటో తారీఖున పుట్టినవాడు అంతకు ముందు నెల చివరి రోజునే దిగిపోవాలి. నిబంధన అది. మన దేశంలో ఒకటో తారీఖున పుట్టినవాళ్ళు ఎంతమందో ఆలోచించు. బడిలో చేర్చుకునే రోజున మాస్టారు జూన్ 1 అనో జూలై 1 అనో వేసిన తరమంతా అదే. జూన్ 30న దిగిపోవలసినవాళ్ళకు మా ప్రోగ్రాము జూలై 31 చూపించింది. కాగితాలు తిరిగి వచ్చాయి, పింఛన్లు ఆగిపోయాయి. ఒక పెద్దాయన సంచిలో సర్వీసు పుస్తకం పెట్టుకుని రెండు బస్సులు మారి మా ఆఫీసుకు వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ‘నా తేదీ ఎందుకు మారిందమ్మా?’ అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. పక్క గదిలోని గుమాస్తా పుట్టిన తేదీ చూడగానే చెప్పేశాడు. ఆ వరుస రాసిన మనిషి ప్రతి కమిట్‌కూ కారణం, ఉత్తర్వు సంఖ్య రాసే అలవాటున్నవాడు. ఆయన రాసిన కారణం ఆ పాత ఇనుముతో పోయింది.

అందుకే నీకు ఇంతగా చెబుతున్నాను. ఈరోజున్న ఫైళ్ళు చాలులే అని ఎవరు తొందరపెట్టినా ఒప్పుకోకు. సబ్‌వెర్షన్ నుంచి గిట్‌కు తరలించే ఉపకరణం గిట్-ఎస్వీఎన్ ప్రతి కమిట్ సందేశం చివర పాత రివిజన్ సంఖ్యను ఒక వరుసలో చేరుస్తుంది. అది చూడడానికి బాగుండదని తీసేయమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. తీయకు. మీ పాత సందేశాల్లో ‘ఫలానా రివిజన్‌లో చెడింది, సరిచేశాను’ అని ఎన్ని ఉంటాయో, వాటికి అర్థం చెప్పేది ఆ వరుసే. కోడును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే జీసీసీ కంపైలర్‌వాళ్ళు 2020 జనవరిలో గిట్‌కు మారినప్పుడు ఆ పాత సంఖ్యలను సందేశాల్లో పదిలంగా ఉంచారు.

రచయితల జాబితాను కూడా చివరి రాత్రికి వదిలేయకు. సబ్‌వెర్షన్‌లో ఉండేది లాగిన్ పేరు ఒక్కటే, గిట్‌కు మనిషి పేరూ ఈమెయిలూ కావాలి. గిట్‌లో కమిట్ గుర్తింపు సంఖ్య అందులోని పేర్ల నుంచి, సందేశం నుంచి, దాని ముందున్న కమిట్ నుంచి పుడుతుంది. అందరూ కాపీలు తీసుకున్నాక ఒక్క పేరు దిద్దినా అక్కడి నుంచి తర్వాతి సంఖ్యలన్నీ మారిపోతాయి. కనీసం రెండుసార్లు ఉత్తుత్తిగా తరలించి చూసి, అప్పుడు అసలు పని మొదలుపెట్టు. పాత సర్వర్‌ను చదవడానికి మాత్రమే ఉంచి, మీద పెద్ద అక్షరాలతో చీటీ అంటించు.

ఇతరులు పంపే మార్పులను చేర్చే ముందు చదివి సరిచూసే కోడ్ రివ్యూ కూడా ఇకపై నువ్వే చూడాలట. చేర్చే వరుసల కన్నా తీసేసే వరుసలను నెమ్మదిగా చదువు. ‘ఇది ఎందుకుందో కనుక్కున్నావా?’ అని అడుగు, కానీ మెత్తగా అడుగు. ఆ కుర్రాడు తన వల్లే అంతా జరిగిందని నెల రోజులు తల ఎత్తలేదు. సంతకం నాది, వాడిది కాదు. ఆ మాట వాడితో నేను చాలా ఆలస్యంగా అన్నాను.

ఇక సెలవుల సంగతి. ఎవరూ లేని ఆఫీసులో ఏదైనా తేడా వస్తే ఎవరిని పిలుస్తావు? సర్వర్ చూసే మనిషి ఊళ్ళో ఉండడు, సందేహం తీర్చే పెద్దవాళ్ళు ఫోను ఎత్తరు. చిన్నప్పుడు కూడా ఇంతే, బరువైన బిందె ఒక్కదానివే ఎత్తి నడుం పట్టించుకునేదానివి. పండగయ్యాక, అందరూ వచ్చాక, వారం మధ్యలో పెట్టుకో. వద్దంటే నా పేరు చెప్పి మీ అధికారితో మాట్లాడించు, నేను చెబుతాను.

ఈలోగా రచయితల జాబితాలో ఎవరో తెలియని లాగిన్ పేర్లు ఉంటే నాకు పంపు. మీ ఆఫీసు పాతవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే, ఒక్కొక్కరికీ ఫోను చేసి అడుగుతాను. భోగికి ముందు రోజే వచ్చెయ్. నువ్వు వచ్చాకే అరిసెల పాకం పడతాను.

మీ అత్తయ్య