మృదంగం మీద ఆ నల్ల మచ్చ దేనికి?

ప్రశ్న: మా అమ్మాయి మృదంగం నేర్చుకుంటోంది. కుడివైపు నల్ల మచ్చ పెచ్చులూడుతోంది, మళ్లీ వేయించమన్నారు మాస్టారు. అది లేకపోతే వాయించలేమా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వాయించొచ్చు, కానీ శ్రుతి పలకదమ్మా. బిగించిన మామూలు తోలును కొడితే ఎన్నో శబ్దాలు ఒకేసారి పుడతాయి. మొదటి దాని పౌనఃపున్యం 1 అనుకుంటే తర్వాతవి 1.59, 2.14, 2.30... అన్నీ పొంతన లేని లెక్కలే. అందుకే మోత వస్తుంది గానీ స్వరం నిలవదు. అదే వీణ తీగలో అయితే 1, 2, 3 అని వరసగా వస్తాయి. మధ్యలో ఆ నల్ల మచ్చ బరువు పడేసరికి తోలు కూడా తీగ దారిలోకి వస్తుంది.

ఇది కనిపెట్టింది సి.వి.రామన్. (చిన్నప్పుడు మన విశాఖలో చదువుకున్నాయనే!) 1920లో 'నేచర్' పత్రికలో క్లుప్తంగా, 1934లో వివరంగా రాశారు. తోలు మీద సన్నని ఇసుక చల్లి కొడితే, కంపించని చోట్ల ఇసుక గీతలు కట్టింది. తొమ్మిది రకాల కంపనాలు చక్కగా ఐదు స్వరాల్లోకి సర్దుకున్నాయని అలా తేలింది.

ఆయన లెక్క తేల్చడానికి ఎన్నో తరాల ముందే మృదంగాలు చేసేవాళ్లు చేతివాటంతో ఇది సాధించారు. నన్నడిగితే అసలు వింత అదే. బెజవాడలో నాకు తెలిసిన పెద్దాయన ఒకరు ఈ పని చేస్తారు. ఇనుము, మాంగనీసు ఉండే రాతిపొడిని అన్నంతో మెదిపి, చిటికెడు తీసి బొటనవేలితో పూస్తారు. నున్నటి రాయితో గరగరా రుద్ది, ఆరాక మీటి వింటారు. మళ్లీ ఇంకో పూత. రుద్దుతుంటే సన్నని బీటలు పడతాయి, అవి ఉంటేనే మచ్చ తోలుతో పాటు వంగుతుంది. కాబట్టి బీటలు చూసి టెన్షన్ పడకండి. పెచ్చులూడితే మాత్రం ఖర్చుకు వెనకాడొద్దు.

ప్రశ్న: హంపి విఠలాలయంలో సంగీత స్తంభాలు లోపల బోలుగా ఉంటాయట, నిజమేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: కాదండీ, గట్టి రాయే. కల్పాక్కం ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం వాళ్లు ఆ స్తంభాలను పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. సన్నని రాతి కడ్డీ కొట్టినప్పుడు అటూ ఇటూ వంగి ఊగుతుంది, ఆ ఊపు నుంచే స్వరం వస్తుంది. మీరు వెళ్తే కొట్టి చూద్దామని సరదాపడకండి, ఇప్పుడు ముట్టుకోనివ్వరు.