20 చుట్లా, 20 చుట్టలా?

సందేహం: అమెచ్యూర్ రేడియో కిట్‌తో వచ్చిన సూచనలను తెలుగులో రాస్తున్నాను. "టొరాయిడ్‌ను 20 చుట్లు చుట్టండి, తీగ కొనలు ఒలిచి టంకం వేయండి" అని రాశాను. టొరాయిడ్ అంటే తీగ చుట్టడానికి వాడే ఉంగరంలాంటి గట్టి ముక్క. ఒక మిత్రుడు "చుట్టలు" అనాలన్నాడు. ఇంకొకరు "20 సార్లు చుట్టండి" అంటే చాలదా అన్నారు. ఏది సరైనది? టొరాయిడ్‌కు తెలుగు మాట ఉందా?

సమాధానం: "చుట్లు" సరైనది. చెట్టు చెట్లయినట్టు, మెట్టు మెట్లయినట్టు చుట్టు చుట్లవుతుంది. "చుట్టలు" అన్నది "చుట్ట"కు బహువచనం. బుట్ట, బుట్టలు లాగా. తీగ ఒకసారి తిరిగితే చుట్టు. అలా తిరిగిన తీగ మొత్తం కలిసి చుట్ట. కిట్‌లో నాలుగు టొరాయిడ్లు ఉంటే తయారయ్యే చుట్టలు నాలుగే. 20 చుట్టలని రాస్తే చదివినవాడు 20 కాయిల్స్ ఎక్కడ పెట్టాలా అని వెతుక్కుంటాడు.

మీ మిత్రులు గమనించని దోషం "టొరాయిడ్‌ను" అన్నచోట ఉంది. చాపను చుట్టామంటే చాపే చుట్టుకుపోయిందని అర్థం. వేలికి గుడ్డ చుట్టామంటే తిరిగింది గుడ్డ, వేలు కదల్లేదు. తిరిగేదానికి "ను", దేని చుట్టూ తిరుగుతుందో దానికి "కు" రావడం మన వాడుక. టొరాయిడ్‌ను చుట్టండి అంటే ఆ గట్టి ఉంగరాన్ని చాపలా చుట్టమన్నట్టుంది. "టొరాయిడ్‌కు తీగ చుట్టండి" అనండి. "టొరాయిడ్ మీద" అన్నా తప్పులేదు.

ఇక "20 సార్లు చుట్టండి" సంగతి. వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పు లేదు, అయినా చదివేవాడికి చిక్కు తెచ్చేది ఇదే. ఈ సమాధానం రాసేముందు ఒక ఇనుప వాషర్, కొంత దారం తీసుకుని కూర్చున్నాను. దారం కొసను రంధ్రంలోంచి దూర్చి లాగాను. చూడటానికి అదింకా చుట్టులా లేదు, దారం ఊరికే అటు నుంచి ఇటు వచ్చిందంతే. బయటి అంచు మీదుగా తిప్పి రెండోసారి దూర్చాక గాని నోటికి "ఒకటి" రాలేదు. అలా "ఐదు" అనేసరికి లోపలి అంచున దారాలు ఆరు కనిపించాయి.

తప్పు చేతిది కాదు, మాటది. మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగామంటే బయల్దేరిన చోటికి వచ్చామని అర్థం. టొరాయిడ్‌కు ఆ లెక్క కుదరదు. రంధ్రంలోంచి తీగ తిన్నగా ఒక్కసారి వెళ్లినా ఒక చుట్టే, ఎందుకంటే ఆ తీగ బయట మిగతా సర్క్యూట్ గుండా తిరిగి వచ్చి వలయాన్ని పూర్తి చేసుకుంటుంది. ఈ అర్థభేదాన్ని మీ వాక్యం మోయాలి. అందుకు మనకు "దూరు", "దూర్చు" అనే చక్కని క్రియలున్నాయి. సూదిలో దారం దూరిందో లేదో అన్న విషయంలో ఎవరికీ అనుమానం రాదు.

ఒక్క చుట్టుకు ఇంత పట్టింపా అంటారేమో. ఎర్ర రంగు వేసిన టీ50-2 ఉంగరాన్నే తీసుకోండి. పేరులోని 50 దాని బయటి వ్యాసం, అంగుళంలో నూరో వంతుల లెక్కన; అంటే అర అంగుళం. దానికి 20 చుట్లు వేస్తే సుమారు 1.96 మైక్రోహెన్రీల ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) వస్తుంది, 21 వేస్తే 2.16. ఇండక్టెన్స్ చుట్ల సంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది మరి. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర పలకాల్సిన ట్యూన్డ్ సర్క్యూట్ (ఒక పౌనఃపున్యాన్ని ఎంచుకునే కాయిల్, కెపాసిటర్ల జత), కెపాసిటర్ మార్చకపోతే, 6.76కి దిగిపోతుంది. చుట్లను దగ్గరికి జరిపితే ఇండక్టెన్స్ కాస్త పెరుగుతుంది, ఎడం చేస్తే తగ్గుతుంది. చిన్న తేడాలను అలా సర్దుకోవచ్చు గాని, చుట్టు లెక్కే తప్పితే ఈ సర్దుబాటును నమ్ముకోకూడదు.

టొరాయిడ్‌కు తెలుగు మాట అడిగారు. కుండ ఒరగకుండా అడుగున పెట్టే వలయాన్ని చుట్టకుదురు అంటాం. ఆకారం అచ్చంగా అదే. టొరాయిడ్‌కు మూలమైన లాటిన్ మాట టోరస్‌కు కూడా ఉబ్బు, మెత్త అనే అర్థాలున్నాయి. రెండు భాషలూ ఒకే రకమైన వస్తువును చూసి పేరు పెట్టుకోవడం నాకెంతో ముచ్చటగా అనిపించింది. అయినా మీ సూచనల్లో "టొరాయిడ్" అనే ఉంచండి. కిట్ సంచి మీద, పట్టికలో, తోటివారి నోట ఉన్న పేరు అదే. చుట్టకుదురును ఆకారం వర్ణించే చోట ఒకసారి వాడితే బొమ్మ అక్కర్లేకుండా అర్థమవుతుంది.

"ఒలిచి" అన్నది కూడా మార్చాలి. ఒలిచేది తొక్కను. ప్లాస్టిక్ తొడుగున్న వైరుకు ఆ మాట నప్పుతుంది. ఈ రాగి తీగ మీద ఉన్నది ఎనామిల్ పూత, దాన్ని గీకాలి. "ఒలవండి" అని చదివినవాడు తొడుగు కోసం చూసి, ఏమీ కనబడక, తీగ ముందే సిద్ధంగా ఉందనుకుని అలాగే టంకం వేసేస్తాడు. పూత మీద టంకం పట్టదు. కాబట్టి ఇలా రాయండి:

"ఎర్ర టొరాయిడ్‌కు తీగ చుట్టండి. తీగ రంధ్రంలోంచి దూరిన ప్రతిసారీ ఒక చుట్టుగా లెక్కించండి. 20 చుట్లు రావాలి. లోపలి అంచున కనిపించే తీగలను లెక్కపెట్టి సరిచూసుకోండి. కొనల మీది పూతను రాగి మెరిసేదాకా గీకి, కళాయి పట్టించి (టంకం పలచగా పూసి), ఆ తర్వాత టంకం వేయండి."