అమ్మా, బేబీ కడుపులోకి ఎలా వెళ్లింది?

ప్రశ్న: మేడమ్, మా బాబుకి 13 ఏళ్లు, పాపకి 9. మొన్న భోజనాల దగ్గర పాప, "అమ్మా, అత్త కడుపులోకి బేబీ ఎలా వెళ్లింది?" అని అడిగేసింది. ఏం చెప్పాలో తోచక "పెద్దయ్యాక తెలుస్తుందిలే, తిను" అన్నాను. ఇవన్నీ స్కూల్లో చెప్తారు, మనకెందుకు అంటారు మావారు. మాకెవరు చెప్పారు, మేం పిల్లల్ని కనలేదా అంటారు మా అత్తగారు. చెప్తే లేనిపోని ఆసక్తి పుట్టించినట్టు అవదా? అసలెవరు చెప్పాలి?

జవాబు: ఎవర్ని అడిగితే వాళ్లే చెప్పాలి. పాప ఆ ప్రశ్న మీ దగ్గరికి తెచ్చింది కాబట్టి మీరే చెప్పండి, ఈ రాత్రికే చెప్పండి. "మొన్న అడిగావు కదా, అప్పుడు ఎలా చెప్పాలో తెలియక దాటేశాను" అని మొదలుపెడితే చాలు. అమ్మ ఒంట్లో తయారయ్యే అండం, నాన్న ఒంట్లో తయారయ్యే వీర్యకణం కలిస్తే బేబీ మొదలవుతుంది, గర్భసంచిలో సుమారు 9 నెలలు పెరుగుతుంది, యోని దారిన గానీ ఆపరేషన్‌తో గానీ బయటికి వస్తుంది. ఈ వయసుకి ఇంత సరిపోతుంది. అవి ఎలా కలుస్తాయని అడిగితే, పెద్దవాళ్ల శరీరాలు కలిసినప్పుడు అనీ, అది పెద్దవాళ్లకి మాత్రమే సంబంధించిన విషయమనీ చెప్పండి. అవయవాల అసలు పేర్లు చెప్పడానికి మొహమాటపడకండి. పిల్లల మీద చెయ్యి వేసేవాళ్లు చాలావరకు తెలిసినవాళ్లే అయి ఉంటారు. ఎక్కడ ముట్టుకున్నారో చెప్పడానికి మాట లేని పిల్ల ఎవరితో ఏమని చెప్పుకుంటుంది?

పీరియడ్స్ గురించి కూడా ఇప్పుడే చెప్పాలి. ఆడపిల్లల్లో ఎదుగుదల మార్పులు 8 నుంచి 13 ఏళ్ల మధ్యే మొదలవుతాయి. నాకు ఎవరూ చెప్పలేదు. మొదటిసారి రక్తం చూసి లోపల ఏదో తెగిపోయిందనుకుని, గౌను తడిపి పిండి మంచం కింద తోసేసి, చచ్చిపోతానేమో అని రాత్రంతా మేలుకునే ఉన్నాను. మర్నాడు ఆ గౌను వాసనొచ్చాకే మా అమ్మకి తెలిసింది. మీ అత్తగారినీ ఆ రోజు గురించి ఓసారి నెమ్మదిగా అడిగి చూడండి, ఆవిడ మాట మారినా మారుతుంది.

ఆసక్తి పుట్టిస్తామేమో అన్న భయం చాలామందికి ఉంది, అది నిజం కాదు. వయసుకి తగ్గట్టు సరిగ్గా చెప్తే పిల్లలు లైంగిక సంబంధాలకి తొందరపడరని, కొందరు ఇంకా ఆలస్యం కూడా చేస్తారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. యునెస్కో 2018లో సవరించిన లైంగిక విద్య మార్గదర్శకాల్లో ఈ పాఠాలు 5 ఏళ్ల నుంచే ఉన్నాయి. స్వీడన్ అయితే 1955లోనే బడిలో తప్పనిసరి చేసింది. స్కూల్లో చెప్పాల్సిందే, కాదనను. కానీ క్లాసులో అంతమంది మధ్య తన సొంత అనుమానం కోసం చెయ్యెత్తే పిల్లలు ఎంతమంది ఉంటారు?

బాబు గురించి మీరు అడగలేదు, నాకు మాత్రం వాడి గురించే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. ఈ వయసు పిల్లాడు ఎవరైనా తెల్లారకుండానే లేచి తన దుప్పటి తనే ఉతుక్కుంటున్నాడంటే, నిద్రలో వీర్యం పడటం మామూలేనని వాడికి ఎవరూ చెప్పలేదని అర్థం. అది తండ్రి చెప్తే బాగుంటుందని చాలామంది తల్లులు ఎదురుచూస్తారు, ఆయన చెప్పరు, ఈలోపు ఫోన్ చెప్పేస్తుంది. ఫోన్లో కనిపించే అశ్లీల వీడియోల్లో ఉన్నది నటన అని, ఎదుటి మనిషి వద్దంటే వద్దనే అర్థమని, చెల్లికి పీరియడ్స్ వస్తే అది ఎగతాళి చేసే విషయం కాదని వాడు ఇంట్లోనే వినాలి. ఎదురెదురుగా కూర్చోబెట్టి క్లాసు పీకితే తలొంచుకుని పారిపోతాడు. కలిసి నడుస్తూనో, ఏదో పని చేస్తూనో రెండు మాటలు అని వదిలేయమని మీవారికి చెప్పండి, మిగతాది ఇంకోరోజు.

ప్రశ్న: నా భార్య లేదు. పాపకి 11 ఏళ్లు. తండ్రిని, ఇవి నేను చెప్పొచ్చా?

జవాబు: తప్పకుండా మీరే చెప్పండి. ప్యాడ్స్ ప్యాకెట్ తెచ్చి, ఒకటి విప్పి, వెనక కాగితం తీసి లోదుస్తుకి ఎలా అంటించాలో చూపించండి. నాలుగైదు గంటలకోసారి మార్చుకోవాలని, మొదటి ఏడాది రెండేళ్లు నెలనెలా సరిగ్గా రాకపోయినా కంగారుపడొద్దని చెప్పండి. రెండు ప్యాడ్స్ ఇప్పుడే స్కూల్ బ్యాగ్ లోపలి అరలో పెట్టండి. పిన్నో మేనత్తో ఉంటే వాళ్లతోనూ మాట్లాడించండి, కానీ ఇది నాన్నకి చెప్పకూడని విషయం అన్న ఆలోచన మాత్రం పాపకి రానివ్వకండి.